కటుకరోహిణి అనంతపురం జిల్లాలో పండుతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకూ పనికొస్తుంది. శింగనమల దగ్గర మీకు రెండెకరాల ఎర్రనేల ఉంది. చీనీ తోట ఎండిపోయింది, బోరులో నీళ్ళు అంతంత మాత్రం. ఒక కంపెనీవాళ్ళు వచ్చి, హిమాలయాల్లో పెరిగే కటుకరోహిణి అనే చిన్న నీలిపూల మందుమొక్కను షేడ్‌నెట్ కింద పెట్టమంటున్నారు. మొక్క 40 రూపాయలట. మూడేళ్ళ తర్వాత తవ్వితే కిలో 1,500 చొప్పున వాళ్ళే తిరిగి కొంటారట. అడ్వాన్సుగా లక్షన్నర కట్టమంటున్నారు, మీరు ఇప్పటికే 5,000 టోకెన్ ఇచ్చారు. కట్టొచ్చా అన్నది ఒక ప్రశ్న. అమ్మకు కాలేయం జబ్బు ఉంది, కనీసం ఇంటి అవసరానికైనా కుండీలో పెంచుకోవచ్చా అన్నది రెండోది.

కట్టొద్దు. ఆ మొక్క మన దగ్గర పండదు. అనంతపురంలోనే కాదు, కడపలో, కర్నూలులో, హార్స్‌లీ హిల్స్ మీద కూడా పండదు. కుండీలోనూ బతకదు. మేనేజ్‌మెంటు బాగా చేస్తే వస్తుందని వాళ్ళు అంటారు. మీరు ఎంత బాగా చేసినా రాదు, ఎందుకంటే ఆ మొక్కకు కావలసింది మీ చేతిలో లేదు.

నేను కడపలో మూలికల అంగడి ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ణి. తర్వాత రైతులతో మందుమొక్కల సాగు చేయించే పనిలోకి వచ్చాను. ఈ సరుకును మూటల్లో చూశాను, దాని సొంత నేల మీదా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మీ జిల్లా నుంచి ప్రతి ఏడూ బస్సులు వేసుకుని చార్‌ధామ్ పోతారు కదా. బదరీనాథ్ గుడి ఉన్నది దాదాపు 3,100 మీటర్ల ఎత్తున. కటుకరోహిణి సొంత ఊరు ఇంచుమించు ఆ ఎత్తులో మొదలై, ఇంకో వెయ్యి మీటర్లకు పైగా పైకి పోతుంది. చెట్లు ఆగిపోయి గడ్డి వాలులు, రాళ్ళ సందులు మిగిలే చోటు అది. గఢ్వాల్‌లో తుంగనాథ్ చుట్టుపక్కల వానాకాలం మొదట్లో పోతే పూతలో కనిపిస్తుంది. మనం తల ఎత్తుకుని నడిస్తే కనపడదు, వంగి వెతకాలి. ఆకులు చెంచా ఆకారంలో ఉంటాయి, అంచుల్లో రంపం పళ్ళు, అన్నీ ఒకే చోట గుత్తిగా నేలకు అంటుకుని ఉంటాయి. ఆ గుత్తి నడుమ నుంచి జానెడు కాడ ఒకటి లేస్తుంది. దాని కొనన పాలిపోయిన నీలిరంగు పూలు, కొంచెం ఊదా కలిసినట్టు, ఒత్తుగా పేర్చినట్టుంటాయి. ఒక్కో పువ్వు గోరంత కూడా ఉండదు గాని, కేసరాలు రేకులను దాటి దారాల్లా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. దగ్గరగా చూస్తే కంకికంతా నూగు పట్టినట్టుంటుంది. మీకు ఇచ్చిన బ్రోచర్లో ముదురు నీలం గంట పువ్వు బొమ్మ ఉందన్నారు, అది దీని పువ్వు కాదు. ఆ వర్ణనను బట్టి అది జెన్షియన్ జాతి పువ్వు అయ్యుంటుంది. అదీ హిమాలయాల మొక్కే, అదీ చేదే, దాని వేరును కటుకరోహిణిలో కలిపి అమ్మడం మా వ్యాపారంలో పాత కథ. అమ్మే మొక్క బొమ్మే సరిగ్గా పెట్టుకోనివాళ్ళు మీతో మూడేళ్ళ ఒప్పందం రాసుకుంటామంటున్నారు, అది గమనించండి.

ఇక ఎందుకు పండదు అనేది. చాలామంది ఎండ వల్ల అనుకుంటారు. నీడ వేస్తే సరిపోతుందని షేడ్‌నెట్ అమ్ముతారు. అసలు చిక్కు పగలు కాదు, రాత్రి. మొక్క పగలు ఆకుల్లో ఆహారం తయారు చేసుకుంటుంది. రాత్రి ఊపిరి తీసుకుంటూ అందులో కొంత ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు వేడిని బట్టి ఉంటుంది: పది డిగ్రీలు పెరిగితే సుమారుగా రెట్టింపవుతుంది. ఈ మొక్క తన ఊళ్ళో వేసవిలో కూడా చాలా రాత్రులు పది డిగ్రీలకు దిగువన గడుపుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున కూడా 26, 27 డిగ్రీలు ఉంటుంది. అంటే రాత్రి ఖర్చు మూడు నాలుగు రెట్లు. పగలు సంపాదించిందంతా రాత్రికే అయిపోతుంది, నేలలోని కాండంలో దాచుకోవడానికి ఏమీ మిగలదు. మనకు కావలసిన సరుకు ఆ దాచుకున్నదే. షేడ్‌నెట్ పగటి ఎండను తగ్గిస్తుంది, రాత్రి వేడిని తగ్గించదు.

రెండోది చలికాలం. చార్‌ధామ్ గుళ్ళు దీపావళి తర్వాత మూసి ఏప్రిల్, మే నెలల్లో తెరుస్తారు కదా, ఆ మూసిన కాలమంతా ఈ మొక్క మంచు కింద నిద్రలో ఉంటుంది. పైన ఆకు ఎండిపోతుంది. నేలలో పాకే కాండం, దాని కొనన ఒక మొగ్గ మాత్రం మిగులుతాయి. మందంగా పడ్డ మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, బయట అంతకంటే ఎంత చలి ఉన్నా. ఆ నిద్ర అయ్యాకే మళ్ళీ మొగ్గ బలంగా కదులుతుంది. అనంతపురంలో డిసెంబరు రాత్రి 16, 17 డిగ్రీలు. మనకు అది చలి, దానికి అది ఎండాకాలపు పగలు.

మూడోది కుళ్ళు. దీని కాండం నేలలో లోతుకు పోదు, పై పొరలో, ఆకుమట్టిలో పాకుతుంది. ఆ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మన దగ్గర తడి పెడితే తడీ వేడీ కలిసి బూజు తెగుళ్ళకు పండగ. తడి తగ్గిస్తే ఎండిపోతుంది. ఈ రెంటి నడుమ సరిగ్గా నిలబడే చోటు మన వేసవిలో లేదు. బోరు నీళ్ళలో ఉప్పు సంగతి నేను ఎత్తడం లేదు, అక్కడిదాకా మొక్క బతికి ఉండదు.

మరి వాళ్ళు చూపించిన ఫోటోల్లో మొక్క పచ్చగా ఉంది కదా అంటారు. ఉంటుంది. ఇక్కడ రెండు విషయాలు తెలుసుకోండి.

ఒకటి, టిష్యూకల్చర్ సీసా. గాజు సీసాలో, 25 డిగ్రీల గదిలో కూడా ఈ మొక్క పచ్చగానే ఉంటుంది. ఎందుకంటే అందులో ఆహారం బయటి నుంచి చక్కెర రూపంలో అందుతుంది, బూజు లేదు, బాక్టీరియా లేదు. సీసాలో బతికింది కాబట్టి చేన్లో బతుకుతుందనడానికి లేదు. మీకు ల్యాబ్ చూపిస్తామని బెంగళూరు తీసుకుపోతే అక్కడ మీరు చూసేది ఇదే.

రెండు, నాటించే నెల. మీకు కూడా నవంబరులో నాటాలన్నారని రాశారు. అది ఊరికే చెప్పిన నెల కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన వాతావరణంలో ఆ మొక్క ప్రాణంతో ఉంటుంది, కొత్త ఆకు కూడా వేస్తుంది. ఫోటోలు, వీడియోలు అన్నీ ఆ నాలుగు నెలల్లోనే తీస్తారు, పక్క ఊరి రైతులను కూడా అప్పుడే తీసుకొచ్చి చూపిస్తారు. రాయచోటి వైపు ఒక రైతు షేడ్‌నెట్‌లో పెట్టిన మడిని నేను మార్చి చివర్లో పోయి చూశాను. ఆకుల అంచులు ముందు పసుపుకు తిరిగి, తర్వాత కాలినట్టు గోధుమరంగుకు వచ్చాయి. ఆకుల గుత్తిని పట్టి మెల్లగా లాగితే చేతికి ఊడి వచ్చింది. కింద మొగ్గ ఉండాల్సిన చోట నల్లగా, మెత్తగా, మురిగిన వాసన. ఏప్రిల్ మధ్యకు మడిలో మల్చింగ్ షీటు తప్ప ఏమీ మిగల్లేదు. కంపెనీవాళ్ళు వచ్చి, నీళ్ళు ఎక్కువ పెట్టారు, మా మందులు వాడలేదు, తప్పు మీదే, ఒప్పందంలో ఉంది చూడండి అన్నారు. ఒప్పందంలో నిజంగానే ఉంది: కంపెనీ సూచించిన పద్ధతి పాటించకపోతే తిరిగి కొనే బాధ్యత లేదని. ఆ పద్ధతి ఏమిటో కాగితం మీద ఎక్కడా లేదు. మీ ఒప్పందంలో కూడా ఆ వాక్యం వెతకండి.

ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు: ఏసీ గదిలో కుంకుమపువ్వు పండిస్తున్నారు కదా, ఇదెందుకు కాదు? మంచి ప్రశ్నే, కానీ ఆ రెండూ వేరు. కుంకుమపువ్వు దుంప అప్పటికే తన లోపల ఆహారం నింపుకుని వస్తుంది. గదిలో కొన్ని వారాలు చల్లదనం ఇస్తే నిల్వ ఉన్న ఆహారంతోనే పూస్తుంది, ఆ పూవే సరుకు. కటుకరోహిణికి గదిలో జరగాల్సింది పూత కాదు, పెరుగుదల. మూడేళ్ళ పాటు వెలుతురు, చలి, నిద్రాకాలం, తడి అన్నీ ఇస్తూ పోవాలి. తడి ప్యాడ్ల గుండా ఫ్యాన్లతో గాలి లాగి చల్లబరిచే ఫ్యాన్ అండ్ ప్యాడ్ పాలీహౌస్ కూడా సరిపోదు. గాలి పొడిగా ఉన్న మే నెలలో అది బాగానే చల్లబరుస్తుంది గాని, ముసురు పట్టిన రోజుల్లో దాని పని తగ్గిపోతుంది. పైగా ఎంత చల్లబరిచినా పది డిగ్రీలకు తేలేదు. అసలు ఏసీ పెడితే కరెంటు బిల్లే సరుకు ధరను మింగేస్తుంది.

ఇంకో మాట, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. సరే, ఏదో మాయ చేసి మొక్కను బతికించారే అనుకుందాం. మొక్క బతకడం వేరు, సరుకు కట్టడం వేరు. దీన్ని కడప మనిషికి వివరించాల్సిన పని లేదు. మన ఎర్రచందనం శేషాచలం, లంకమల, వెలిగొండ రాళ్ళ మీద బక్కనేలలో పెరుగుతుంది. అదే మొక్కను సారవంతమైన భూమిలో డ్రిప్ పెట్టి పెంచితే చెట్టు నిక్షేపంగా ఎదుగుతుంది, లోపల ఎర్రటి చేవ మాత్రం ఆ లెక్కన కట్టదు. కటుకరోహిణికి చేవ అంటే పిక్రోసైడ్లు అనే చేదు పదార్థాలు. కాలేయానికి మేలు చేస్తాయని చెప్పేది వాటి గురించే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ పిక్రోలివ్ పేరుతో పని చేసింది కూడా వాటి మీదే. ఆ చేదు తయారవడానికి చల్లదనం కావాలి. ప్రయోగశాలలో 15 డిగ్రీల దగ్గర పెంచిన మొక్కలో అవి ఎక్కువగా, 25 దగ్గర పెంచిన దానిలో తక్కువగా తేలాయి. మన 38, 40లో ఏం కడుతుందో ఊహించుకోండి. పెద్ద మందుల కంపెనీ ఏదైనా కొనే ముందు సరుకును పరీక్షకు పంపుతుంది. పిక్రోసైడ్లు లేని వేరు వాళ్ళకు ఎండు పుల్లతో సమానం.

దీనికి సాగు అసలే లేదని కాదు. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా ఘేస్ లాంటి కొండ ఊళ్ళలో రైతులు పొలాల్లోనే పెంచుతున్నారు. హిమాచల్‌లో పాలంపూర్ పరిశోధన సంస్థ, గఢ్వాల్ విశ్వవిద్యాలయపు ఎత్తైన కొండ మొక్కల కేంద్రం దీని మీద ఏళ్ళ తరబడి పని చేశాయి. అక్కడ పాత మొక్కల కాండం ముక్కలు కోసి నాటుతారు, మూడో ఏడాది శరదృతువులో ఆకు ఎండే సమయానికి తవ్వుతారు. అంతా ఎత్తైన ఊళ్ళే. ఉత్తరాఖండ్‌లోనే దిగువన లోయల్లో, మైదానంలో ఉన్న రైతులు కూడా దీన్ని పెట్టుకోరు. హరిద్వార్‌లో పండనిది శింగనమలలో పండుతుందా?

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. అడవిలో తవ్వి తవ్వి ఈ మొక్క తగ్గిపోయింది. అందుకే 1997లో దీన్ని అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ రెండో జాబితాలో చేర్చారు. అడవిలో సేకరించిన సరుకు ఎగుమతిని 1998లో భారత ప్రభుత్వం నిషేధించిన 29 మొక్కల పట్టికలో ఇదీ ఉంది, మన ఎర్రచందనమూ ఉంది. కాబట్టి సాగు చేసిన సరుకును ఎగుమతి చేయాలన్నా, అది సాగు సరుకే అని కాగితం కావాలి. మీ దగ్గరికి వచ్చినవాళ్ళను ఆ కాగితం ఎవరిస్తారో అడిగి చూడండి.

అమ్మ సంగతి. ముందు డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు, స్కాను చేయించండి. కాలేయం జబ్బు అన్నది ఒక్క జబ్బు కాదు. కామెర్లు వైరస్ వల్ల రావొచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డుపడి రావొచ్చు, వాడే మాత్రల వల్లా రావొచ్చు. రాయి అడ్డుపడిన మనిషికి చేదు వేరు పొడి ఇస్తూ కూర్చుంటే నష్టం. కటుకరోహిణికి విరేచనకారి గుణం కూడా ఉంది, మోతాదు మించితే నీరసించిపోతారు. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడు రాసిస్తే అప్పుడు వాడండి. ఆరోగ్యవర్ధిని వటి అనే ఆయుర్వేద మాత్రలో సగం ఇదే ఉంటుంది.

వేరు కొనాల్సి వస్తే ఇలా చూసుకోండి. ముక్క అంగుళం నుంచి మూడంగుళాల పొడుగు, పెన్సిలు మందం లోపు. పైన బూడిద కలిసిన గోధుమరంగు, నిలువుగా ముడతలు, చుట్టూ గరుకైన మచ్చలు. కొన్ని ముక్కల కొనన పాత ఆకుల పొలుసులు కుచ్చులా అంటుకుని ఉంటాయి, అది మంచి గుర్తు. విరిస్తే టక్కున విరగాలి, సాగకూడదు. విరిగిన చోట లోపల నల్లగా ఉండి, మధ్యలో తెల్లని చుక్కలు వలయంగా కనిపిస్తాయి. చిన్న తునక నాలుక మీద పెడితే చేదు వెంటనే తగలాలి, నీళ్ళు తాగినా చాలాసేపు పోకూడదు. ముందు తియ్యగా తగిలి తర్వాత చేదెక్కితే నేను ఆ మూట తీసుకోను.

మీ రెండెకరాల సంగతి. చేదు మందుమొక్కే కావాలంటే మన నేలకు మన చేదు ఉంది, నేలవేము. ఇదీ చిన్న మొక్కే, పువ్వు తెలుపులో ఊదా చారలతో ఉంటుంది. దీని జాతిలో నల్లమల, శేషాచలం కొండల్లోనే కనిపించే రకాలు కూడా ఉన్నాయి. అంటే ఈ వేడి దానికి పుట్టిల్లు. జూన్‌లో నారు పోసి, జూలైలో నాటి, పూతకు వచ్చేసరికి కోస్తారు. మూడున్నర, నాలుగు నెలల పంట. అయితే వాన ఎగ్గొడితే తడులు ఇవ్వాలి. మీ బోరు పరిస్థితి చూస్తే అర ఎకరం మించి వద్దంటాను.

మిగతాదానికి నా సలహా అశ్వగంధ. మీ జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర, అశ్వగంధకు అది సరిపోతుంది. నీళ్ళు నిలవని ఎర్ర ఇసుకనేల దానికి ఇష్టం. ఆగస్టు చివర, సెప్టెంబరులో పదును చూసి ఎకరాకు ఐదు కిలోల దాకా విత్తనం చల్లితే, ఐదారు నెలలకు ఆకు ఎండి కాయ ఎర్రబడుతుంది, అప్పుడు తవ్వాలి. ఎకరాకు రెండు మూడు క్వింటాళ్ళ ఎండు వేరు వస్తే మంచి పంట. అంతకంటే ఎక్కువ చెప్పేవాళ్ళను నమ్మకండి. ధర వేరు మందాన్ని, తెల్లదనాన్ని బట్టి ఉంటుంది. అందుకే తవ్విన రోజే తల కోసి, కడిగి, నీడపట్టున ఎండబెట్టి, లావు సన్నం వేరు చేసి మూట కట్టండి. అన్నీ కలిపి అమ్మితే సన్నదాని ధరే వస్తుంది. దీనికి పెద్ద మండి మధ్యప్రదేశ్‌లోని నీమచ్, అక్కడి ధర ఫోన్‌లో కనుక్కుని తర్వాతే ఇక్కడి దళారితో మాట్లాడండి. విత్తనం కోసం సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) హైదరాబాద్ కేంద్రాన్ని అడగండి, పోషిత లాంటి రకాలు వాళ్ళవే. దీంతో మీరు లక్షాధికారి అయిపోరు. కానీ లక్షన్నర ముందు కట్టాల్సిన పని లేదు, ఒక ఏడు ధర పడిపోయినా మీ చేను మీ దగ్గరే ఉంటుంది.

టోకెన్ 5,000 వెనక్కి అడగండి. ఫోన్లో కాదు, రాతపూర్వకంగా, వాట్సాప్‌లో అయినా సరే. రసీదు, బ్రోచర్, వాళ్ళు పంపిన వాయిస్ మెసేజులు ఒక్కటీ తుడిచేయొద్దు. అదే మెసేజులో ఒక ప్రశ్న కూడా వేయండి: రాయలసీమలో ఈ మొక్క మూడేళ్ళు నిండి, తవ్వి, మీరు డబ్బు చెల్లించిన ఒక్క రైతు పేరు, ఊరు చెప్పండి, నేనే పోయి చూసుకుంటాను అని. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి, ఆ చేనికి నేనూ వస్తాను. రాకపోతే, డబ్బు కూడా ఇవ్వకపోతే, అనంతపురంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చిన్న మొత్తాల కేసులకు లాయరు లేకుండా కూడా మీరే వేసుకోవచ్చు. ఒప్పందం కాగితం ఫోటో తీసి నాకు పంపితే చదివి, ఏ వాక్యాలు అక్కడ అడ్డం వస్తాయో గీత గీసి పంపుతాను.